రీడౌట్ గ్రేడియంట్ ప్రేరిత ప్రవాహాలతో వాహకత చిత్రణ: దొంగ కాంట్రాస్ట్ పోవట్లేదు

ఎంఆర్ఐలో సిగ్నల్ చదివేటప్పుడు వేసే రీడౌట్ గ్రేడియంట్ (స్థానాన్ని బట్టి మారే అయస్కాంత క్షేత్రం) మారితే వస్తువులో విద్యుత్ ప్రవాహాలు పుడతాయి; అవి సిగ్నల్ ఫేజ్‌లో (కోణంలో) తెచ్చే మార్పు నుంచి వాహకతను చిత్రించాలని నా ప్రయత్నం. 3 టెస్లా ఎంఆర్ఐ, స్పిన్ ఎకో పద్ధతి, 2 మి.మీ. వాక్సెల్ (చిత్రంలోని అతి చిన్న ఘనం). ఫాంటమ్ (పరీక్ష నమూనా) అగర్‌తో చేసిన సిలిండర్, వ్యాసార్థం 5 సెం.మీ.; లోపలి భాగంలో లీటరుకు 9 గ్రా. ఉప్పు, బయట 2 గ్రా. రీడౌట్ దిశను తిరగేసి రెండుసార్లు తీసి, ఒక ఫేజ్‌లోంచి మరొకటి తీసివేస్తున్నాను. ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) ఫేజ్ రద్దయి, గ్రేడియంట్ ర్యాంప్ ప్రేరేపించిన ప్రవాహాల ఫేజ్ ఒక్కటే మిగలాలి.

మిగిలింది 15 మిల్లీరేడియన్లు. ఇది నమ్మదగిన అంకె కాదు. ప్రవాహాల ఫేజ్ స్లూ రేటు (గ్రేడియంట్ మారే వేగం) మీద కాక, ఎకో సమయానికి గ్రేడియంట్ ఎంత మారిందన్న దాని మీదే ఆధారపడుతుంది, 11.7 మి.టెస్లా/మీ. దగ్గర కూడా లెక్క ప్రకారం 0.2 మి.రే. మించదు. పైగా బ్యాండ్‌విడ్త్‌ను పిక్సెల్‌కు 250 నుంచి 1000 హెర్ట్జ్‌కు పెంచితే అసలు సిగ్నల్ నాలుగింతలు కావాలి, నాకు 4 మి.రే.కి పడిపోయింది. అంటే బీ0 (ప్రధాన అయస్కాంత క్షేత్రం) తేడాల వల్ల రెండు చిత్రాలూ ఎదురెదురు దిశల్లో జరిగి, ఆర్ఎఫ్ ఫేజ్ వాలు (చోటును బట్టి వచ్చే మార్పు) ఆ తీసివేతలో రద్దు కాకుండా బయటపడుతోంది; దొంగ కాంట్రాస్ట్ అంటే ఇదే. నూనె ఫాంటమ్‌లో ఇది కనబడదు, అక్కడ ఆ వాలే ఉండదు కాబట్టి. ఆ పరీక్షను చూసి మోసపోవద్దు.

లీనియర్ ఫేజ్ తీసేశాను, షిమ్ (బీ0ను సమం చేయడం) మళ్లీ చేశాను. ఫీల్డ్ మ్యాప్‌తో (బీ0 తేడాల పటంతో) సరిదిద్దాక ఇంకా 2 మి.రే. ఉంది. మ్యాగ్నిట్యూడ్ (సిగ్నల్ బలం) చిత్రాలను రిజిస్టర్ చేసినా, అంటే ఒకదానిపై ఒకటి సరిపోయేలా జరిపినా, లాభం లేదు.

పిక్సెల్‌లో వెయ్యో వంతు వరకు ఈ స్థానభ్రంశాన్ని సరిదిద్దే పద్ధతి ఎవరికైనా పనిచేసిందా, చేస్తే ఏది?