బుడమేరు వరద తర్వాత నాన్నగారి భయం: ఇంకా ఆగాలా, డాక్టరుకు చూపించాలా?

ప్రశ్న:
మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు ఇంట్లోకి వచ్చినప్పుడు అమ్మానాన్నలు పక్కింటివారి డాబా మీద తలదాచుకున్నారు. అక్టోబరు గడిచిపోతున్నా, రాత్రివేళ చినుకు చప్పుడు వినిపిస్తే చాలు, నాన్నగారు టార్చిలైటు పట్టుకుని వీధిలోకి వెళ్లి కాలువలో నీరు ఎంతవరకు వచ్చిందో చూసి వస్తున్నారు. దుకాణం తెరవడం మానేశారు. వరద మాట ఎత్తితే లేచి వెళ్లిపోతున్నారు. బంధువులు అదే సర్దుకుంటుందంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (మానసిక వైద్య విభాగంలో నర్సు):
అంతటి విపత్తు జరిగిన తొలి రోజుల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, గుండెదడ చాలామందికి ఉంటాయి, క్రమంగా తగ్గుముఖం పడతాయి. నెల దాటినా పీడకలలు, ఆ దృశ్యాలే కళ్లముందు మెదలడం, ఆ ప్రస్తావన వస్తే తప్పించుకోవడం, అనుక్షణం అప్రమత్తంగా ఉండటం కొనసాగుతూ రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య) ఉందేమోనని పరీక్ష చేయించాలి. మీరు రాసినవాటిలో టార్చిలైటు కంటే దుకాణం మూతపడటమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇక ఆగకండి. దీనికి మంచి చికిత్స ఉంది. అయితే జరిగినదంతా చెప్పమని ఇంట్లో ఒత్తిడి చేయవద్దు. ఆయన తనంతట తాను చెబితే మధ్యలో ఆపకుండా వినండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి ఇవ్వడం అసలే వద్దు.

జవాబు (ఉద్దానం నుంచి):
2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా పెదనాన్నగారి కొబ్బరితోట నేలమట్టమైంది. ఆయన మద్యానికి అలవాటుపడి, చెట్లతోపాటు తానూ పోయి ఉంటే బాగుండేదని అనేవారు. అటువంటి మాట వినబడితే, చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, పురుగుమందుల వంటివి ఇంట్లోంచి తీసివేసి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చికిత్స సాగుతుండగానే కొత్త మొక్కలు ఎక్కడ నాటాలో నిర్ణయించే పని మావాళ్లు పెదనాన్నగారికే అప్పగించారు. ఆయన మళ్లీ తోటవైపు నడవడం అప్పుడే మొదలైంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. డాక్టరు అనగానే నాన్నగారు "నాకేమైనా పిచ్చా?" అంటారేమోనని భయంగా ఉంది.

జవాబు (నర్సు):
ముందు నిద్ర గురించి మాట్లాడండి. అది ఆయన కూడా ఒప్పుకునే బాధ. ఆయనకు నమ్మకమున్న డాక్టరు చెబితే వింటారనుకుంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి. కానీ వెళ్లేది మానసిక వైద్యుని దగ్గరికైతే ఆ సంగతి దాచవద్దు. మీరూ వెంట వెళ్లండి.