కయాక్‌కి మనల్ని మనం కట్టేసుకోవాలా?

నీటికాకి:
మొన్నటిదాకా నేనూ ‘తాడు వద్దు’ బ్యాచే. పోయిన నెల గాలిలో ప్రాక్టీస్ చేస్తూ కయాక్‌ని, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవని, కావాలనే బోల్తా కొట్టి బయటికొచ్చాను. తెడ్డు అందుకుందామని పడవ మీంచి చేయి తీశాను, అంతే. ఖాళీ కయాక్ ఎండుటాకులా జారిపోయింది. మొదట రెండు బారల దూరం. లైఫ్ జాకెట్‌తో ఎంత ఈదినా ఆ రెండు బారలు పదయ్యాయి. తోడు వచ్చినవాడు పడవను లాక్కొచ్చాడు కాబట్టి ఇది రాస్తున్నా. ఒంటరిగా వెళ్లేటప్పుడు నడుముకో కాలికో లీష్, అంటే మనిషిని పడవకు కట్టే తాడు, ఉండాల్సిందే అంటాను.

రెండుతెడ్లు:
ఒడ్డు దగ్గర అలలు విరిగేచోట కూడానా? సామాన్లతో నిండిన పడవను అల ఎత్తి మీదకు విసిరితే పక్కకు తప్పుకోవాలి. తాడుంటే ఎక్కడికి తప్పుకుంటారు? ఒక్క లాగుతో తాడు ఊడొచ్చే బకిల్, క్విక్ రిలీజ్, ఉందిగా అంటారు, తెలుసు. మంచులాంటి నీళ్లలో 1-10-1 లెక్క గుర్తుందా? ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, కాళ్లూ చేతులూ మాట వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. బకిల్ వీపు వెనక్కి జారి, వేళ్లు కొంకర్లు పోతే ఆ రిలీజ్ ఎవరు లాగుతారు?

నీటికాకి:
ఆ 10 నిమిషాలూ పడవ వెంట ఈదుతూ ఖర్చుపెట్టాలా, పడవ ఎక్కడానికి వాడుకోవాలా? సర్ఫ్ స్కీ (పైన కూర్చుని నడిపే పొడవాటి కయాక్) వాళ్లు కాలికి లీష్ కట్టుకుంటున్నారుగా.

ఉప్పుగాలి:
సర్ఫ్ స్కీతో పోలిక ఇక్కడ నప్పదు. అందులో మనిషి పైన కూర్చుంటాడు, పడితే నేరుగా నీళ్లలోకే. సీ కయాక్‌లో తలకిందులుగా వేలాడుతూ స్ప్రే స్కర్ట్ (నీళ్లు లోపలికి రాకుండా నడుము చుట్టూ బిగించే కప్పు) లాగి, కాక్‌పిట్‌లోంచి, అంటే కూర్చునే చోటులోంచి, కాళ్లు బయటికి తీయాలి. అక్కడ వదులుగా ఒక తాడు కూడా ఉంటే... నాకైతే తలచుకుంటేనే టెన్షన్.

కొత్తఅల:
2007లో ఆండ్రూ మెకాలీ ఆస్ట్రేలియా నుంచి న్యూజిలాండ్‌కి కయాక్‌లో టాస్మన్ సముద్రం దాటబోయాడు. కయాక్ దొరికింది, ఆయన దొరకలేదు. తాడు కావాలనడానికి ఇది చాలదా?

ఉప్పుగాలి:
చాలదు. ఆఖరి ఘడియల్లో అక్కడ ఏం జరిగిందో చూసినవాళ్లెవరూ లేరు. ఆయన్ని మన వాదనకు సాక్షిగా పిలవడం బాగోదు.

నేను చేసేది చెప్తా. తెడ్డును పడవకు కడతాను. బోల్తా పడ్డాక తెడ్డు వదలకపోతే పడవ కూడా చేతిలో ఉన్నట్టే. ఒంటరిగా, అందులోనూ గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంటే, లైఫ్ జాకెట్‌కున్న పొట్టి టో లైన్‌ను (పడవను లాగడానికి వాడే తాడు) పూర్తిగా బయటపడ్డాకే డెక్ లైన్‌కి (పడవ పైభాగాన పట్టుకోవడానికి బిగించిన తాడు) తగిలిస్తాను. అలలు విరిగేచోటికి వచ్చేముందు అన్నీ విప్పేస్తాను, తెడ్డు తాడుతో సహా.

రెండుతెడ్లు:
తెడ్డు తాడు వరకూ ఒప్పుకుంటా. టో లైన్ సంగతి మాత్రం చలికి బిగుసుకున్న చేతులతో తగిలించి చూశాక మాట్లాడదాం.

నీటికాకి:
ఆదివారం మందపాటి గ్లౌజులేసుకుని, నీళ్లలో కళ్లు మూసుకుని బకిల్ లాగి చూస్తా. రాకపోతే నా లీష్ అమ్మకానికి పెడతా, ఎవరూ బేరమాడొద్దు.