ఇన్‌డిజైన్‌లో 212 లింకులు తెగిపోయాయి, ఒకే పేరున్న ఫొటోలతో తిప్పలు

పూర్వ విద్యార్థుల సావనీర్, 96 పేజీలు. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, పాత విండోస్ కంప్యూటర్‌లో డి డ్రైవ్‌లో చేశాను. అది మూలపడటంతో ఫైల్‌నీ, ఫొటోల ఫోల్డర్లనీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో మ్యాక్‌కి తెచ్చాను. ఇప్పుడు పేజీల్లో పెట్టిన ఫొటోల లింకులు చూపించే లింక్స్ ప్యానెల్ నిండా, ఫైల్ దొరకలేదనే ఎర్ర ప్రశ్నార్థకాలే. మొత్తం 212.

ఫొటోలు ఎక్కడికీ పోలేదు, లోపలి ఫోల్డర్లూ పాత వరుసలోనే ఉన్నాయి. మారింది పాత్ (ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామా) మొదటి భాగం ఒక్కటే. చిక్కల్లా పేర్లతోనే. మూడు కెమెరాల ఫొటోలు మూడు ఫోల్డర్లలో ఉన్నాయి, మూడింట్లోనూ డీఎస్‌సీ_0041 అనే పేరుతో వేర్వేరు ఫొటోలున్నాయి. ముందే పేర్లు మార్చుకోకపోవడం నా బద్ధకమే.

అన్ని లింకులూ సెలెక్ట్ చేసి, ఫోల్డర్ చూపిస్తే అదే పేరున్న ఫైళ్లకి లింకులు మళ్లీ కలిపే రీలింక్ టు ఫోల్డర్‌లో, ఈ మూడింటికీ పైనున్న ఫోల్డర్ చూపించాను. ప్రశ్నార్థకాలన్నీ పోయాయి, హమ్మయ్య అనుకున్నాను. తీరా 41వ పేజీలో హెడ్‌మాస్టారి పేరు మీద బిర్యానీ గిన్నె! సేవ్ చేయకుండా మూసేశాను. తర్వాత ఒక్కొక్కటిగా రీలింక్ చేస్తూ, పాత పాత్ చూసుకుంటూ, గంటలో 30 కూడా దాటలేదు. 'ఈ ఫోల్డర్‌లో మిగతా మిస్సింగ్ లింకులు వెతుకు' అన్న టిక్ పెడితే పక్క కెమెరా ఫొటోలనూ లాగేస్తోంది. ప్యాకేజ్ కాపీ (ఫైల్‌నీ, దాని ఫొటోలనీ ఒకేచోట చేర్చిన కాపీ) లేదు. పాత పాత్‌లే పనిచేసేలా డిస్క్‌కి డి అని పేరు పెడదామంటే, మ్యాక్‌లో డ్రైవ్ అక్షరం ఇవ్వడం కుదరదు.

గురువారం పొద్దున ప్రెస్‌కి పీడీఎఫ్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. లోపలి ఫోల్డర్ పేర్లు అలాగే ఉంచి, లింకులన్నింటిలో పాత్ మొదటి భాగాన్ని మాత్రమే ఒకేసారి మార్చే పద్ధతి గానీ స్క్రిప్ట్ గానీ ఉందా?