ఫ్యాన్ ఆపకుండా వాక్యం రికార్డు చేయడం ఎలా?

అందరికీ వందనాలు. విజయవాడలో ఒక చిన్న క్రైస్తవ మీడియా పరిచర్యలో రికార్డింగ్, ఎడిటింగ్ నేనే చూస్తాను. మే నెల వస్తే మాకు ఊపిరాడదు, వీబీఎస్ (వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు) పాటలు, పిల్లల కథల వీడియోలు, వాటికి తోడు పాస్టర్ గారి రోజువారీ వాక్యం (బైబిల్ సందేశం), అన్నీ పై అంతస్తులో ఉన్న ఒకే గదిలో, అక్కడ స్లాబ్ మధ్యాహ్నానికి పెనంలా కాలిపోతుంది. ఫ్యాన్ వేస్తే చిన్న శబ్దాన్ని కూడా పట్టే కండెన్సర్ మైకు ఆ హోరంతా పట్టేస్తుంది, ఆపితే పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. పాస్టర్ గారికి 68 ఏళ్లు, బీపీ కూడా ఉంది, మొన్న వాక్యం చెబుతూ చెబుతూ కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

తెల్లవారుజామున 4 గంటలకు చేసి చూశాం, చల్లగానే ఉంది కానీ ఆ వయసులో రోజూ అప్పుడు లేవమనడానికి నాకు మనసు రావట్లేదు. ఎడిటింగ్‌లో హోరు తీసేస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది.

దూరపు శబ్దాలను తక్కువగా పట్టే డైనమిక్ మైకు నోటికి దగ్గరగా పెడితే హోరు తగ్గుతుందా? లేక ముందు స్లాబ్ మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింట్ వేయించాలా? ఏసీ కొనే స్తోమత లేదు, 15 వేల దాకా పెట్టగలం. ఇలాంటి గదిలో పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.