హైదరాబాద్–దుబాయ్: పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలా?

ప్రశ్న: అన్నలూ, మాది జగిత్యాల. అన్నయ్య దుబాయ్‌లో ఉంటాడు, అమ్మను విజిట్ వీసా మీద పిలిపిస్తున్నాడు. అమ్మ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి, పైగా ఒక్కతే. టికెట్ మీద హైదరాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయల్దేరి 12.30కు దుబాయ్ చేరుతుందని ఉంది. తిరుగు టికెట్‌లో మాత్రం రాత్రి 10కి బయల్దేరి తెల్లవారుజామున 3కి దిగుతుందట. ఒకే దారికి ఇంత తేడా ఏమిటి? అమ్మకు షుగర్, టైంకి తినాలి. అదే టెన్షన్.

జవాబు: టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు తమ్ముడూ. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఏడాది పొడుగునా అంతే. దుబాయ్‌లో 12.30 అంటే మనకు మధ్యాహ్నం 2. కాబట్టి పోయేటప్పుడు 4 గంటలు. తిరుగు ప్రయాణంలో రాత్రి 10 అంటే మనకు 11.30, అక్కడి నుంచి 3 దాకా మూడున్నర గంటలే.

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గాన దాదాపు 2,550 కిలోమీటర్లు. పైకెళ్లాక విమానం గంటకు 800–900 వేగంతో పోతుంది కాబట్టి లెక్క ప్రకారం 3 గంటలు చాలు. కానీ విమానం రన్‌వే దాకా మెల్లగా పోవడం, పైకెక్కడం, దిగేముందు వరుసలో ఆగడం అన్నీ కలిపి టైం వేస్తారు. పై ఎత్తుల్లో గాలి ఎక్కువ నెలలు పడమర నుంచి వీస్తుంది, చలికాలంలో మరీ జోరు. పోయేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు తోడు. ఆ అరగంట తేడా అందుకే. నిజానికి మీ ఊరి నుంచి శంషాబాద్ రావడానికీ దాదాపు ఈ విమాన ప్రయాణమంత సేపు పడుతుంది!

ఇక అమ్మగారి సంగతి. దిగగానే గడియారం పన్నెండున్నరే చూపిస్తుంది, ‘ఇంకా టైం ఉందిలే’ అనిపిస్తుంది. కడుపుకి మాత్రం అప్పటికే రెండు. ఆ తర్వాత ఇమిగ్రేషన్ క్యూ, లగేజీ. అందుకే మన టైం ఒంటిగంటకల్లా విమానంలోనే తినేయమనండి. చవక టికెట్లలో చాలాసార్లు భోజనం ఉండదు, చపాతీలు కట్టివ్వండి. ఇన్సులిన్ ఉంటే చేతి బ్యాగులోనే, డాక్టర్ చీటీతో సహా పెట్టండి. కింద లగేజీలో వేస్తే చలికి గడ్డకట్టి పాడవచ్చు.

ఇంకో సభ్యురాలు: టికెట్ మీద ‘నాన్‌స్టాప్’ అని ఉందో లేదో చూసుకోండి. ‘డైరెక్ట్’ అంటే ఒక్కోసారి అదే నంబరుతో మధ్యలో ఇంకో ఊళ్లో దిగి పోతుంది.

ప్రశ్న: పాకిస్తాన్ మీదుగా పోనివ్వట్లేదు కదా, దాని వల్ల ఆలస్యమవుతుందా?

జవాబు: 2025 ఏప్రిల్‌లో మన విమానాలకు ఆ దారి మూసేశాక చుట్టు తిరుగుడు ఉత్తరాది వాళ్లకు వచ్చింది. హైదరాబాద్ నుంచి మామూలుగానే అరేబియా సముద్రం దాటి ఒమన్ వైపు పోతాయి.

ఇంకో సభ్యుడు: తేదీ జాగ్రత్త! 12వ తేదీ రాత్రి 1 గంట ఫ్లైట్ అంటే 11వ తేదీ రాత్రి పదికే ఎయిర్‌పోర్టులో ఉండాలి. మీకు వచ్చేటప్పుడు ఇదే చిక్కు, 3 గంటలు అంటే మరుసటి తేదీ. బండి ఆ తేదీకి మాట్లాడండి. అన్నయ్యకు టెర్మినల్ నంబరు కూడా పంపండి. దుబాయ్‌లో టెర్మినల్ 2 రన్‌వేకి అవతలి వైపు, మిగతా రెండింటి నుంచి కారులో చుట్టి రావాల్సిందే.