తాత చెప్పే యుద్ధం ప్రతిసారీ మారిపోతంది, ఏది గీయాలి?

ప్రశ్న (సోంపేట నుంచి): మా తాత 1971 యుద్ధంలో తూర్పు వైపు సిపాయి. ఆయన గొంతుతోనే నాలుగు నిమిషాల యానిమేషన్ డాక్యుమెంటరీ చేద్దామని. చిక్కేటంటే, ఒకసారి "నిండు ఎన్నెల్లో నది దాటినాం, తెల్లారేసరికి ఢాకాలో లొంగిపోనారు" అంటాడు. ఇంకోసారి "ముందున్నోడి వీపు కూడా అగుపడ్లేదు" అంటాడు. గట్టిగా అడిగితే కసురుకుంటాడు. ఏది తీసుకోమంటారు? రోటోస్కోపింగ్ (తీసిన వీడియో మీదే బొమ్మలు దిద్దడం) చెయ్యాలా?

జవాబు: రెండూ తీసుకో తమ్ముడూ. "నిన్న అలా అన్నావు కదా" అని మాత్రం నిలదీయకు, మళ్లీ నోరు విప్పరు. పంచాంగం తిరగేస్తే 1971 డిసెంబరులో పున్నమి 2న, అమావాస్య 17న. పాక్ సైన్యం లొంగుబాటు 16న. ఆ ముందు రాత్రి నిండు వెన్నెల ఎక్కడిది? అలాగని తాతగారు అబద్ధమాడుతున్నారని కాదు. యుద్ధం 3న మొదలైంది, తొలి రాత్రుల్లో వెన్నెల దండిగానే ఉంది. అదొచ్చి ఈ రాత్రికి అతుక్కుని ఉండొచ్చు. తలచుకున్న ప్రతిసారీ మనసు ఎంతో కొంత కొత్తగా కడుతుంది.

అరి ఫోల్మన్ తీసిన 'వాల్ట్స్ విత్ బషీర్' (2008) చూడు. 1982 లెబనాన్ యుద్ధంలో ఆయన ఇజ్రాయెల్ సైనికుడు. బీరూట్‌లోని సబ్రా, షటీలా పాలస్తీనా శరణార్థి శిబిరాల ఊచకోత నాటివేవీ గుర్తుకు రావు, రాత్రిపూట సముద్రంలోంచి లేచి ఒడ్డుకు నడిచే దృశ్యం తప్ప. దాన్నే మళ్లీ మళ్లీ గీయించాడు. చివర్లో మాత్రం బొమ్మలు ఆపేసి అసలు వీడియో పెట్టాడు. అది రోటోస్కోపింగూ కాదు, ఇంటర్వ్యూలు ముందు వీడియో తీసి, తర్వాత కొత్తగా గీసుకున్నారు.

ఇంకొకరు: ఒక్క మాట. వెన్నెల గీసి ఊరుకుంటే చూసినోళ్లు అదే చరిత్ర అనుకుంటారు. చీకటి రాత్రి వచ్చినప్పుడు తెర మీద తేదీ, తిథి వెయ్యండి, చాలు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి తెలుసు కదా, ఆ యుద్ధంలోనే మన విశాఖ దగ్గరే మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లు, అదేం కాదని పాకిస్తాన్. సిపాయి జ్ఞాపకం దాకా ఎందుకు!

పని సంగతికొస్తే, సెకనుకు 12 బొమ్మల లెక్కన నాలుగు నిమిషాలకి 2880. ఒక్కరి వల్ల కాదు. చేతులు, తల విడివిడిగా గీసి, యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో కదపండి.

అడిగినవారు: అమావాస్య సంగతి తాతకి చెప్పీమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. కథంతా రికార్డయ్యాక పంచాంగం చేతికివ్వు, ఏమంటారో అదీ రికార్డు చెయ్యి. ఆయన సరేనంటేనే సినిమాలో పెట్టు. ఫ్యాను కట్టెయ్యి, ఫోను ఆయన ఛాతీకి జానెడు దూరంలో ఉండాలి.