పాత జపాన్ కారు ముందు అద్దం ఎలా వెతకాలి?

ప్రశ్న: అన్నలూ, నా దగ్గర 1996 నిస్సాన్ మార్చ్ కారు ఉంది, జపాన్ నుంచి వచ్చిన బండి. ముందు అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి పగిలింది. ఏ షాపులో అడిగినా ఆ మోడల్ లిస్టులో లేదంటున్నారు. ఛాసిస్ నంబరు ఆన్‌లైన్‌లో కొడితే చెల్లదని వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: టెన్షన్ పడకండి, నంబరు మంచిదే. చాలా సైట్లు 17 అక్షరాల విన్ నంబరే (బండి గుర్తింపు నంబరు) తీసుకుంటాయి. జపాన్‌లో అమ్ముకోవడానికి చేసిన బండ్లకు అది ఉండదు, మోడల్ కోడూ గీతా కొన్ని అంకెలూ ఉంటాయి, అంతే. మీ కోడ్‌లో కే11 ఉండాలి. ఇదే బండి యూరప్‌లో మైక్రా. కాబట్టి 'మైక్రా కే11 ముందు అద్దం' అని అడిగి చూడండి. వేరేవాళ్లకీ పనికొస్తుంది: టయోటా విట్జ్ అంటే యూరప్‌లో యారిస్, హోండా ఫిట్ అంటే జాజ్.

మరో జవాబు: పైన చెప్పింది కరెక్టే, కానీ పేరు కలిసిందని ఆర్డర్ పెట్టేయకండి. అద్దం మూలన ఉండే ముద్ర చూసి కొనేవాళ్లూ ఉన్నారు. అందులో వలయంలో ఉండే 'E' అక్షరం, పక్కన అంకె ఆమోదం ఇచ్చిన దేశానివి (1 జర్మనీ, 11 బ్రిటన్). అద్దం సైజు దానివల్ల తెలియదు. యూరప్ వ్యాపారిని యూరోకోడ్ (బండి అద్దాలకు వాడే గుర్తింపు కోడ్) అడగండి: నాలుగు అంకెలు, వెంటనే 'A' అక్షరం ఉంటే అది ముందు అద్దం. టేపు వంపు వెంట ఆనించి పైఅంచు, కిందిఅంచు, మధ్య ఎత్తు కొలిచి పంపండి. లోపలి మిర్రర్ అతికే చోటు, పైన రంగు పట్టీ ఉన్నదీ లేనిదీ ఫొటో తీయండి. తేడా వచ్చేది ఎక్కువగా అక్కడే.

ప్రశ్న: ఒకాయన టఫెన్డ్ గ్లాస్ (గట్టిపరిచిన అద్దం) కోసి బిగిస్తానంటున్నాడు. చవకలో పోతుందట.

జవాబు: వద్దండీ బాబూ! టఫెన్డ్ అయ్యాక కోయబోతే ముక్కలైపోతుంది. ముందే కోసి టఫెన్ చేయించినా, దారిలో రాయి తగిలిందంటే అద్దమంతా చిన్న ముక్కలుగా చిట్లి ఎదురుగా ఏమీ కనపడదు. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడే వేయించండి. అద్దం బల్లపరుపుగా ఉంటే దాన్ని కోయించుకోవచ్చు, వంపుదైతే అచ్చు కావాలి.

తుక్కు యార్డులో దొరికినా గమ్‌తో అతికించిన అద్దం ఊడదీస్తుంటేనే పగలొచ్చు, ఊడదీశాకే డబ్బివ్వండి. పార్సిల్ చెక్క పెట్టెలో, అద్దం నిలువుగా ఉండేలా రావాలి. పాతది తీశాక ఫ్రేమ్‌లో తుప్పుంటే గీకి ప్రైమర్ కొట్టాకే కొత్తది. గమ్ ఎన్ని గంటలకు ఆరుతుందో డబ్బా మీద రాసి ఉంటుంది, అప్పటిదాకా బండి కదపకండి.